చెకోస్లోవేకియా నిర్మాత మసారిక్

జాతీయభావము నిప్పువంటిది. పొయ్యిలో నున్నంతకాలము అన్నము వండిపెట్టును. చూరునంటుకొన్నచో ఇల్లు కాల్చును. గత రెండు శతాబ్దముల యూరపు చరిత్రను చదివినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. జాతీయత పేరిట అణగియున్న జనములు తలయెత్తి నిలిచినవి. ఆ జాతీయత పేరిటనే ఇరుగుపొరుగువారు ఒకరి గొంతు నొకరు కోసికొనిరి. ఈ నిప్పును చేతబట్టి, ఇల్లు కాలకుండ దీపము వెలిగింప యత్నించినవారిలో చెకోస్లోవేకియా ప్రథమాధ్యక్షుడు తొమాష్ మసారిక్ ముఖ్యుడు. ఆయన రాజవంశమున పుట్టినవాడు కాడు, సేనాపతి కాడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. 64 ఏండ్ల వయసున స్వదేశము విడిచి, సామ్రాజ్యమునెదిరించి, 68 ఏండ్ల వయసున ఒక కొత్త రాజ్యమునకు అధ్యక్షుడై తిరిగివచ్చెను. ఆయన సాధించినదేమి, సాధింపలేకపోయినదేమి అని విచారించుట, జాతీయతకును దేశరక్షణకును గల సంబంధమును తెలియగోరువారికి మిక్కిలి ఉపయోగకరము.

మసారిక్ 1850 మార్చి 7న మొరేవియాలోని హొడోనిన్ అను చిన్న పట్టణమున జన్మించెను. మొరేవియాయు, దానికి పడమట నున్న బొహీమియాయు నాడు ఆస్ట్రియా సామ్రాజ్యమునకు లోబడిన సీమలు. అచట చెక్ భాష మాట్లాడువారే అధికసంఖ్యాకులు. అయినను కచేరీలలోను, పెద్ద చదువులలోను జర్మను భాషకే చెల్లుబడి. తండ్రి స్లోవాక్ జాతివాడు. చక్రవర్తి సొంత భూములలో బండి తోలుకొని బ్రతుకువాడు. తల్లి మొరేవియా స్త్రీ. పెద్దల యిండ్లలో వంట చేసినది. జర్మను భాషలో చదువుకొన్నది. ఇట్లు ఒకే కప్పు క్రింద మూడు భాషల గాలి వీచుచుండెను. వేరు భాషవాడు పరాయివాడు కానక్కరలేదని ఆ బాలునకు పుస్తకములు చెప్పకముందే ఇల్లు చెప్పినది.

కుటుంబము బీదది కావున పిల్లవానిని వియన్నాలో తాళములు చేయు ఒక పనివాని వద్ద ఉంచిరి. దినమంతయు ఒకే యంత్రము ముందు నిలిచి ఒకే పని చేయుట భరింపలేక ఆ బాలుడు ఇంటికి పారిపోయివచ్చెను. తరువాత కొంతకాలము కమ్మరి కొలిమిలో సుత్తి పట్టెను. చదువుమీద వానికి గల మక్కువను గుర్తించిన పెద్దలు తోడుపడగా 1865లో బ్రనో నగరమందలి జర్మను ఉన్నత పాఠశాలలో చేరెను. కలవారి పిల్లలకు ప్రైవేటు చెప్పి, ఆ డబ్బుతో తన చదువు సాగించెను. అచటినుండి వియన్నాకు పోయి, 1876లో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. ప్లేటో తత్త్వము ఆయన పరిశోధనకు విషయము.

పిమ్మట లైప్జిగ్ నగరమున చదువుచుండగా షార్లట్ గారిగ్ అను అమెరికా యువతితో పరిచయము కలిగెను. 1878లో న్యూయార్కు చెంతనున్న బ్రూక్లిన్‌లో వారి వివాహము జరిగెను. భార్య భర్త యింటిపేరు ధరించుట ఆ దేశముల ఆచారము. మసారిక్ భార్య యింటిపేరును తన పేరులో చేర్చుకొని, నాటినుండి తొమాష్ గారిగ్ మసారిక్ అని సంతకము చేయసాగెను. స్త్రీపురుషుల సమానత్వమును గూర్చి ఆయన తరువాత అనేకములు వ్రాసెను. కాని ఆ వ్రాతలకన్న ముందు వచ్చినది ఈ సంతకము.

1882లో ప్రాగ్ నగరమందలి ప్రాచీన విశ్వవిద్యాలయము చెక్, జర్మను శాఖలుగ రెండుగ చీలెను. చెక్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించుటకు మసారిక్ నియమింపబడెను. ఆ కాలమున చెక్ జనులలో జాతీయభావము ఉప్పొంగుచుండెను. తమ భాష పల్లెటూరి భాష యని, తమకు ప్రాచీన సాహిత్యము లేదని జర్మనులు చేయు ఎత్తిపొడుపులు వారి మనస్సులను కలచుచుండెను. అట్టి ఎత్తిపొడుపులకు జవాబుగ చెక్కులు గర్వముతో చూపు రెండు వ్రాతప్రతులు కలవు. 1817, 1818 సంవత్సరములలో అవి బయటపడినవి. అందొకటి 13వ శతాబ్దము నాటిదనియు, రెండవది అంతకన్న అనేక శతాబ్దములు ప్రాచీనమైనదనియు ప్రతీతి. వానిలోని వీరగాథలు పాఠశాలలలో బోధింపబడినవి. చిత్రకారులు వానిని చిత్రించిరి. శిల్పులు శిలలలో చెక్కిరి. రెండు తరములవారు వానిని చదివియే తాము ఒక జాతి యని నమ్మిరి.

1886లో భాషాశాస్త్రజ్ఞుడు యాన్ గెబౌవర్, ఆ ప్రతులలోని వ్యాకరణము ప్రాచీన చెక్ భాషకు సరిపడదని శాస్త్రీయముగ నిరూపించు వ్యాసము వ్రాసెను. దానిని మసారిక్ తన సంపాదకత్వమున వెలువడు అథీనియమ్ అను పత్రికలో ప్రకటించెను. అంతటితో ఆగక, చరిత్రకారులను, రసాయన శాస్త్రజ్ఞులను పిలిచి, అన్ని వైపులనుండి ప్రతులను పరీక్షింపుడని కోరెను. అవి పందొమ్మిదవ శతాబ్దమున పుట్టిన దొంగవ్రాతలని పండితులు తేల్చిరి. దేశమంతటను కలకలము రేగెను. పత్రికలు మసారిక్‌ను జాతిద్రోహి యని నిందించినవి. పూర్తి ఆచార్యపదవి ఆయనకు పదేండ్ల పైచిలుకు ఆలస్యమయ్యెను. ప్రారంభించిన విజ్ఞానసర్వస్వము పని చేజారిపోయెను.

శత్రువులు నవ్వుచుండగా స్వజనుల పరువు తీయుట తగునా యని ఆనాడు అడిగినవారు మూర్ఖులు కారు, దేశభక్తులే. మసారిక్ వాదము వేరు. దొంగ పత్రముమీద నిలిపిన హక్కు న్యాయస్థానమున నిలువదు. అట్లే అబద్ధముమీద నిలిపిన జాతిగౌరవమును ఎప్పుడో ఒకనాడు పరాయివాడు కూలద్రోయును. ఆ పని మనమే చేసికొన్నచో మిగిలినది గట్టిపడును. జాతికి రక్షణ సత్యమే యన్న ఈ సిద్ధాంతమును ఆయన జీవితమంతయు విడువలేదు.

పదమూడేండ్లు గడువకముందే అంతకన్న కఠినమైన పరీక్ష వచ్చెను. 1899 వసంతకాలమున బొహీమియాలోని పోల్నా పట్టణము చెంత ఒక కుట్టుపని చేయు యువతి హత్య చేయబడెను. యూదులు తమ మతకృత్యములకు క్రైస్తవుల నెత్తురు వాడుదురను పాతకాలపు నీలివార్త మరల లేచెను. లియొపోల్డ్ హిల్స్‌నర్ అను దిక్కులేని యూదు యువకుని పట్టుకొని, సరియైన సాక్ష్యము లేకయే మరణశిక్ష విధించిరి. మసారిక్ ఆ తీర్పును ఖండించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ప్రభుత్వము దానిని జప్తు చేసెను. ఆయన విద్యార్థులే తరగతి గదిలో కేకలు వేసి పాఠము సాగనీయలేదు. విశ్వవిద్యాలయమువారు కొంతకాలము ఆయన ఉపన్యాసములను నిలిపివేసిరి. పునర్విచారణ జరిగెను గాని మరల మరణశిక్షయే పడెను. 1901లో చక్రవర్తి దానిని యావజ్జీవ ఖైదుగ మార్చెను. హిల్స్‌నర్ 1918లో గాని విడుదల కాలేదు.

చూడబోయిన ఈ వ్యవహారమునకును జాతీయతకును సంబంధమేమి యని తోచవచ్చును. మసారిక్‌కు అదియే అసలు ప్రశ్న. ఒక జాతి తన హద్దులను గీచుకొనునపుడు, ఆ హద్దులలో నివసించుచు తనవారు కానివారిని ఏమి చేయును? వారిపై అనుమానమును పెంచి తన ఐక్యతను పోషించుకొనునా? లేక వారికిని తనవారికిని ఒకే న్యాయము పెట్టునా? మొదటి మార్గము సులభము. కాని అట్టి ఐక్యతకు ప్రతిదినము ఒక కొత్త శత్రువు కావలసియుండును. ఈ ఘట్టమునకు మరియొక ఫలితము కూడ కలిగెను. ప్రపంచయుద్ధకాలమున మసారిక్ అమెరికాలో తన జాతి పక్షమున వాదించునపుడు, అచటి యూదులు ఆయనను తమ ఆపద్బంధువుగ ఎరిగి ఆదరించిరి. ఒక అనాథకు చేసిన న్యాయము ఇరువది యేండ్ల తరువాత ఒక దేశమునకు స్నేహితులను సంపాదించిపెట్టెను.

మసారిక్ 1891 నుండి రెండేండ్లు, 1907 నుండి 1914 వరకు మరల, వియన్నా పార్లమెంటులో సభ్యుడుగ నుండెను. 1908లో ఆస్ట్రియా బోస్నియాను తనలో కలుపుకొనగా సెర్బియాతో యుద్ధము వచ్చునట్లుండెను. మరుసటి యేడు జాగ్రెబ్ నగరమున 53 మంది సెర్బులపై రాజద్రోహ నేరము మోపిరి. అదే సమయమున ఫ్రీడ్యుంగ్ అను చరిత్రకారుడు, దక్షిణ స్లావు నాయకులు సెర్బియా సొమ్ము తిన్నారని పత్రికలో వ్రాసెను. వారు పరువునష్టపు దావా వేసిరి. ఫ్రీడ్యుంగ్‌కు ఆధారమైన పత్రములు ఆస్ట్రియా విదేశాంగ శాఖనుండి వచ్చినవి. విచారణలో అవి కూటపత్రములని తేలిపోయెను. మసారిక్ స్వయముగ బెల్గ్రేడుకు పోయి ఆ పత్రముల పుట్టుపూర్వోత్తరములను శోధించి, విదేశాంగమంత్రిని సభలో నిలవేసెను. స్వజాతివారి దొంగవ్రాతలను బయటపెట్టినవాడు, సామ్రాజ్యపు దొంగవ్రాతలను బయటపెట్టగా ఎవరును పక్షపాతి యనలేకపోయిరి. దేశరక్షణ పేరిట ప్రభుత్వములు కూడ అబద్ధములు అల్లగలవనియు, అట్టి అబద్ధములు యుద్ధములు తేగలవనియు ఆయనకు అనుభవమున తెలిసెను.

ఇంత జరిగినను 1914 వరకు మసారిక్ ఆస్ట్రియా నుండి విడిపోవలెనని కోరలేదు. దీనికి కారణము కలదు. ఒకవైపు జర్మనీ, మరియొకవైపు రష్యా. ఈ రెండు మహాశక్తుల నడుమ చెక్కుల వంటి చిన్న జాతికి ఒంటరిగ రక్షణ యెక్కడిది? చెక్ చరిత్రకారుడు పలాట్స్కీ 1848లోనే ఈ ప్రశ్న వేసి, ఆస్ట్రియా చిన్న జాతులకు గొడుగు కావలెనని వాదించెను. మసారిక్ కూడ సామ్రాజ్యము సమాన జాతుల సమాఖ్యగ మారవలెనని ఆశించెను. కాని 1914లో ఆస్ట్రియా, జర్మనీతో చేయి కలిపి యుద్ధమునకు దిగగా ఆ ఆశ అడుగంటెను. గొడుగు పట్టవలసినవారే పిడుగు తెచ్చిరి. ఇక స్వతంత్రరాజ్యము తప్ప వేరు గతి లేదని ఆయన నిశ్చయించుకొనెను.

1914 డిసెంబరులో కుమార్తె ఓల్గాను వెంటబెట్టుకొని ఆయన దేశము విడిచెను. 1915 జూలై 6న, చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను దహించి 500 ఏండ్లు నిండిన దినమున, జెనీవా నగరమున ఆస్ట్రియాకు వ్యతిరేకముగ బహిరంగముగ గొంతెత్తెను. ఆ సంవత్సరమే పెద్ద కుమారుడు హెర్బర్ట్ విషజ్వరముతో మరణించెను. కుమార్తె అలీస్‌ను ఆస్ట్రియా ప్రభుత్వము చెరలో నుంచెను. భార్య ప్రాగ్‌లో ఒంటరిగ వ్యాధిగ్రస్తురాలై యుండెను. ఇన్ని కష్టముల నడుమ ఆయన లండనులోని కింగ్స్ కళాశాలలో పాఠములు చెప్పుచు, యూరపులో చిన్న జాతుల సమస్యను గూర్చి ఉపన్యసించుచు, బ్రిటిషు మేధావులను తన పక్షమునకు త్రిప్పుచుండెను. యువకులైన ఎడ్వర్డ్ బెనెష్, స్లోవాక్ ఖగోళశాస్త్రజ్ఞుడు మిలన్ ష్టెఫానిక్ ఆయనకు కుడి యెడమ భుజములైరి. ఈ ముగ్గురును కలిసి 1916లో పారిసు కేంద్రముగ చెకోస్లోవాక్ జాతీయ సమితిని నడపసాగిరి.

మాటలతోనే రాజ్యము రాదు. రష్యాలో యుద్ధఖైదీలుగ నున్న వేలకొలది చెక్, స్లోవాక్ సైనికులను చేర్చి సేనగ తీర్చుటకై 1917లో మసారిక్ ఆ దేశమునకు పోయెను. ఆ యేడు జూలైలో జ్బోరోవ్ వద్ద ఆ సైనికులు ఆస్ట్రియా సేనను ఓడించిరి. ఇంతలో రష్యాలో బోల్షెవిక్ విప్లవము వచ్చెను. 1918 మార్చిలో రష్యా జర్మనీతో సంధి చేసికొనెను. అపుడు మసారిక్ తన సైనికులను రష్యా అంతఃకలహములలో తలదూర్పవలదని శాసించి, సైబీరియా మీదుగ వ్లాదివొస్తోక్ రేవు చేరి, ఓడలపై ఫ్రాన్సుకు పోవలెనని ఏర్పాటు చేసెను. తాను ముందుగ ఆ రైలు మార్గముననే జపాను చేరి, అచటినుండి అమెరికాకు పోయెను. ఆయన కోరినట్లు అంతయు జరుగలేదు. మే నెలలో సైనికులకును బోల్షెవిక్కులకును పోరు రేగి, సైబీరియా రైలుమార్గము చాలవరకు ఆ సైనికుల వశమయ్యెను. స్వంత భూమి అడుగైనను లేని ఒక జాతి సేన, ఖండమంత పొడవైన మార్గమును పట్టియుండుట చూచి ప్రపంచము నివ్వెరపోయెను.

అమెరికాలో మసారిక్ 1918 మే నెలాఖరున పిట్స్‌బర్గు నగరమున చెక్, స్లోవాక్ ప్రవాసుల సంఘములతో ఒక ఒడంబడిక చేసికొనెను. రానున్న రాజ్యమున స్లోవాకులకు స్వంత పరిపాలన, స్వంత శాసనసభ, స్వంత న్యాయస్థానములు ఉండునని అందు చెప్పబడెను. జూన్‌లో అధ్యక్షుడు విల్సన్‌ను కలిసికొనెను. అక్టోబరు 18న వాషింగ్టనులో స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. అక్టోబరు 28న ప్రాగ్ నగరము స్వతంత్రమయ్యెను. నవంబరు 14న జాతీయసభ మసారిక్‌ను అధ్యక్షునిగ ఎన్నుకొనెను. డిసెంబరు 21న ఆయన ప్రాగ్ చేరగా జనసముద్రము ఎదురేగెను. బండివాని కుమారుడు బొహీమియా రాజుల కోటలో ప్రవేశించెను.

కథ ఇచట ముగిసినచో అది సుఖాంతమైన విజయగాథయే. కాని కష్టమైన అధ్యాయము ఇచటనే మొదలగుచున్నది. కొత్త రాజ్యమునకు హద్దులెట్లు గీయవలెను? భాషనుబట్టియా, చరిత్రనుబట్టియా? బొహీమియాకు ఉత్తరమున, పడమట పర్వతములు గోడవలె నిలిచియున్నవి. అనాదిగ రాజ్యపు సరిహద్దు ఆ కొండలే. శత్రువు రాకుండ ఆపుటకు అంతకన్న మంచి హద్దు లేదు. అయితే ఆ కొండల పొడవునను శతాబ్దములుగ నివసించుచున్నవారు జర్మనులు. భాషను ప్రమాణముగ గైకొన్నచో కొండలు పోవును; కొండలు కావలెనన్నచో లక్షలకొలది జర్మనులను వారి యిష్టము అడుగకయే కలుపుకొనవలెను. చెక్కులు కొండలను కోరుకొనిరి. స్లోవేకియా విషయమున మాత్రము భాషనే ప్రమాణముగ చూపిరి. 1918 చివరనే చెక్ సేనలు జర్మను సీమలను ఆక్రమించినవి. 1919 మార్చి 4న ఆ సీమలలో నిరసన ఊరేగింపులపై సైనికులు కాల్పులు జరుపగా 50 మందికి పైగా మరణించిరి.

1921 జనాభా లెక్కల ప్రకారము ఆ రాజ్యమున సుమారు 1 కోటి 36 లక్షల జనులు కలరు. అందు జర్మనులు 31 లక్షలు, హంగేరియనులు 7 లక్షల పైచిలుకు, రుతీనియనులు 4 లక్షల పైచిలుకు. చెక్కులను, స్లోవాకులను వేరువేరుగ చూపక ‘చెకోస్లోవాక్ జాతి’ అని ఒకే పద్దు క్రింద వ్రాసిరి. స్లోవాకులు సుమారు 20 లక్షలే. వేరుగ లెక్కించినచో జర్మనులే రెండవ పెద్ద జాతి యగుదురు. పద్దుపుస్తకములో కలిపినంతమాత్రమున మనస్సులు కలియవు. పిట్స్‌బర్గు ఒడంబడికలోని స్వపరిపాలన కార్యరూపము దాల్చలేదు. అది అమెరికాలోని వారితో చేసికొన్న స్థానికమైన అంగీకారమేనని మసారిక్ తరువాత వాదించెను. స్లోవాకులు దానిని మాట తప్పుటగ భావించిరి. దొంగవ్రాతలను సహింపని మహనీయుడు, ఈ లెక్కను మాత్రము సహించెను.

జర్మనుల విషయమున కూడ ఆయన నోరు ఒకసారి జారెను. 1918 డిసెంబరులో జాతీయసభకు ఇచ్చిన తొలి సందేశములో, ఆ సీమల జర్మనులు బయటినుండి వలసవచ్చినవారను అర్థము వచ్చునట్లు పలికెను. ఏడువందల యేండ్లుగ ఆ నేలనే దున్నుకొనువారికి ఆ మాట ములుకువలె గ్రుచ్చుకొనెను. అది గ్రహించి మరుసటి దినమే ప్రాగ్‌లోని జర్మను నాటకశాలకు పోయి స్నేహహస్తము చాచెను. విల్లు విడిచిన బాణము మాత్రము వెనుకకు రాలేదు.

అయినను ఆయన పాలనలోని న్యాయమును మరువరాదు. ఒక న్యాయపరిధిలో నూటికి 20 మంది యున్నచో ఆ అల్పసంఖ్యాకులు తమ భాషలోనే ప్రభుత్వముతో వ్యవహరింపవచ్చునని 1920లో చట్టము చేసిరి. జర్మను పాఠశాలలు, ప్రాగ్‌లోని జర్మను విశ్వవిద్యాలయము నిలిచియుండెను. 1926లో జర్మను పక్షములవారు ఇద్దరు మంత్రులైరి. నలుమూలల దేశములలో నియంతృత్వము ప్రబలిన కాలమున, మధ్యయూరపులో ఎన్నికలు, పత్రికాస్వాతంత్ర్యము చెడక నిలిచిన రాజ్యమదియే. బాహ్యరక్షణకై ఫ్రాన్సుతో 1924లో ఒడంబడిక చేసికొనిరి. యుగోస్లావియా, రుమేనియాలతో మైత్రి కుదుర్చుకొనిరి. మసారిక్ 1920లో, 1927లో, 1934లో మరల మరల అధ్యక్షునిగ ఎన్నుకొనబడెను. అధ్యక్షుని పతాకముమీద సత్యమునకే జయమను హుస్ అనుచరుల సూక్తి వ్రాయబడియుండెను.

కాలము కలిసిరాలేదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యము కొండసీమలలోని గాజు, బట్టల పరిశ్రమలను క్రుంగదీసెను. అచటి జర్మనులలో నిరుద్యోగము విపరీతమయ్యెను. తమ ఆకలికి ప్రాగ్ ప్రభుత్వమే కారణమని వారు తలచిరి. 1933లో జర్మనీలో హిట్లరు గద్దె యెక్కెను. 1935 మే ఎన్నికలలో కొన్రాడ్ హెన్లైన్ నాయకత్వమందలి సుడేటన్ జర్మను పక్షమునకు దేశములోని అన్ని పక్షములకన్న అధికముగ ఓట్లు పడినవి. ఆ డిసెంబరు 14న, 85 ఏండ్ల వృద్ధుడైన మసారిక్ పదవి విడిచెను. 1937 సెప్టెంబరు 14న లానీ గ్రామమందలి భవనమున కన్నుమూసి, 1923లో గతించిన భార్య సమాధి ప్రక్కనే విశ్రమించెను. తన కట్టడము కూలుట ఆయన చూడలేదు.

ఒక్క యేడే గడిచెను. చెక్కులు ఆ కొండలలో కోట్ల రూపాయల విలువగల దుర్గములు కట్టుచుండిరి. సేన సిద్ధముగ నుండెను. కాని 1938 సెప్టెంబరు 29, 30 తేదీలలో మ్యూనిక్ నగరమున జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్సు ప్రధానులు కూర్చుండి, చెక్ ప్రతినిధులను సభలోనికైనను పిలువక, ఆ కొండసీమలను హిట్లరునకు ధారపోసిరి. ఏ కొండలు రక్షణ యని కోరితెచ్చుకొనిరో ఆ కొండలే దాడికి సాకులైనవి. తోపు ఒక్కటైనను ప్రేలకముందే కోట చేజారెను. 1939 మార్చి 14న స్లోవేకియా జర్మనీ నీడలో వేరుపడెను. మరునాడు జర్మను సేనలు ప్రాగ్ చేరెను. అటుపిమ్మట బొహీమియా, మొరేవియాలలోని యూదులలో 75 వేలకు పైగా నాజీల చేత హతులైరి. యుద్ధానంతరము సుమారు 30 లక్షల జర్మనులు మూటాముల్లెతో వెళ్లగొట్టబడిరి. వారిలో దోషులును కలరు, ఏ పాపమెరుగని ముసలివారును పసివారును కలరు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారము చేపట్టిరి. మార్చి 10న మసారిక్ చిన్నకుమారుడు, విదేశాంగమంత్రి యాన్ మసారిక్ తన కార్యాలయభవనపు కిటికీ క్రింద మృతుడై కనబడెను.

ఇదంతయు మసారిక్ వైఫల్యమేనా? ఆయన ఎంత ఉదారుడైనను హిట్లరు ఆగియుండెడివాడు కాడు. మిత్రులు చేయి విడుచుటయు ఆయన దోషము కాదు. బయటి దొంగకు ఇంటిలోని అసంతృప్తి తలుపు తీసెనన్నది మాత్రము నిజము. సరిహద్దులను గీయునపుడు కొండల యెత్తును కొలుచుటతో సరిపోదు. ఆ కొండలమీద నివసించువాడు ఈ దేశము నాది యనుకొనుచున్నాడా లేదా యని కూడ కొలువవలెను. ఈ రెండవ కొలత మసారిక్‌కు తెలియనిది కాదు. యూదు యువకుని పక్షమున నిలిచిన నాడు ఆయన బోధించినది ఇదియే. రాజ్యము చేతికివచ్చిన పిదప, భయముచేత కొంత, తొందరచేత కొంత, ఆ పాఠమును సగమే అమలుపరచగలిగిరి.

నాజీలు ఒకసారి, కమ్యూనిస్టులు మరియొకసారి ఆయన విగ్రహములను పడగొట్టిరి. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వము తొలగిన పిమ్మట అవి మరల లేచినవి. 2000 సంవత్సరము మార్చి 7న, ఆయన 150వ జన్మదినమున, ప్రాగ్ కోట ముందట నొక విగ్రహము నెలకొల్పిరి. ఆయన కలిపిన రాజ్యము మాత్రము నేడు లేదు. 1993 జనవరి 1న చెక్కులు, స్లోవాకులు ఒక్క బొట్టు రక్తము చిందకుండ విడిపోయి రెండు దేశములైరి. అన్నదమ్ములు పంపకము చేసికొని కూడ పలుకరించుకొనునట్లు నేటికిని సఖ్యముగనే యున్నారు.

1997 జనవరిలో మరియొక సంఘటన జరిగెను. జర్మనీయు చెక్ గణతంత్రమును కలిసి ఒక సంయుక్తప్రకటన చేసినవి. నాజీలు చెక్కులకు చేసిన అన్యాయమును జర్మనీ ఒప్పుకొనెను. యుద్ధానంతరము నిరపరాధులైన జర్మనులను వెళ్లగొట్టుటలో జరిగిన అన్యాయమునకు చెక్కులు విచారము తెలిపిరి. ఎవరి తప్పు వారు చెప్పుకొనుటచేత ఏ దేశపు గౌరవమును తగ్గలేదు. ఆ సరిహద్దు మునుపటికన్న భద్రమైనది. 1886లో తన జాతి దొంగవ్రాతలను తానే బయటపెట్టి తిట్లుతిన్న ఉపాధ్యాయుడు కోరినది ఇట్టి ధైర్యమునే.